మేడ ఖాళీ చేయించినవాడు

2007 మార్చి 9, శుక్రవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. మల్కాపురంలో మా వరండాకు తగిలించిన ఉష్ణమాపకం ఇరవై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. ఆకాశంలో మబ్బు లేదు. గాలి భూమి మీది నుంచి సముద్రం వైపు సన్నగా వీస్తోంది. రిఫైనరీ పొగ కొంత దూరం నిటారుగా లేచి తూర్పుకు వంగుతోంది. ఆ సమయానికి ఫోను మోగింది.

"కాటాబాబూ, మీ వోడు ఒడ్డెక్కీసినాడు" అన్నది అతని భార్య.

నేను మాట్లాడేలోగా ఆమే మళ్లీ అందుకున్నది. "తెల్లారగట్ల పేనం పోయింది. మంచం మీదే బాబూ. మంచం మీదే పోయినాడు."

మంచం అన్న మాటను ఆమె రెండుసార్లు ఎందుకు చెప్పిందో విశాఖపట్నంలో నాకు తప్ప మరెవరికీ తెలియదని అనుకుంటాను. అది చెప్పడానికే ఈ నాలుగు పుటలు. అతని పేరు మాత్రం రాయను. పేరు పడవ మీద రాయాలి గాని మనిషి మీద రాయకూడదని అతని సిద్ధాంతం. సిద్ధాంతాలు అతనికి చాలా ఉండేవి. వాటిలో సగం తప్పు. మిగిలిన సగం వల్ల నా తేనెటీగలు బతికాయి.

నేను పోర్టులో లారీల తూకం చూసే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. ఆ తూకపు వంతెనను జనం కాటా అంటారు గనుక నేను అతనికి కాటాబాబునయ్యాను. అంకె లేని మాటను నేను నమ్మను. అతనా, అంకె వినబడితే చెవులు మూసుకునే మనిషి. అతను సముద్రపు ఒడ్డు పేటలో పుట్టి, ముప్పై ఏళ్లు వేటకు వెళ్లినవాడు. వల ఒడ్డుకు చేరకముందు అందులోని చేపను లెక్కపెడితే చేప తగ్గిపోతుందని ఆ పేటలో ఒక కట్టుబాటు. అందరూ దాన్ని పడవ మీద పాటించి గట్టు మీద మరచిపోతారు. అతను గట్టు మీద కూడా పాటించేవాడు. తోటలో పెట్టెల ముందు నిలబడి నేను "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టానంటే, వెనక నుంచి "పదకొండు, అరవై, పంతొమ్మిది, ఏడు" అని గట్టిగా అరిచేవాడు. నా లెక్క చెదిరిపోయేది.

"ఏమిటయ్యా ఇది?"

"ఇంకా నీటి మీదున్నాం బాబూ. ఒడ్డుకొచ్చినాక లెక్కెట్టుకుందురు గాని."

అతన్ని నేను మొదట చూసింది 1995 ఆగస్టులో, ఒక బుధవారం సాయంత్రం, వాన వెలిసిన వేళ. మా గేటు దగ్గర ఎవరో నిలబడి, చూపుడువేలు నోట్లో తడిపి, గాలికి ఎత్తి పట్టుకుని ఉన్నారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, ఎడమ మోకాలు కొంచెం వంకర. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేముందు అతను ఆ వేలు తడిపి గాలి చూసేవాడని తరువాత తెలిసింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగినా అంతే.

"మీకు తేనీగలు కావాలంట గదా. నాకాడున్నాయి. పడవలో ఐసు పెట్టెలో కూకున్నాయి. దిగమంటే దిగడం నేదు."

నాకు నిజంగానే కావాలి. అంతకు రెండేళ్ల ముందు నా దగ్గర ఇరవై మూడు గూళ్లు ఉండేవి. పిల్ల ఈగలను చంపే తెగులు ఒకటి వచ్చి, ఒకదాని వెంట ఒకటిగా పదిహేనింటిని ఊడ్చేసింది. మిగిలింది ఎనిమిది. హార్బరులో మూలన పడి ఉన్న అతని పడవ దగ్గరకు వెళ్లి చూశాను. ఐసు పెట్టెలో ఆరు పలకల తేనెపట్టు, నిండుగా ఉంది. నేను వలముసుగు వేసుకునేలోగా అతను చేపల బుట్టలో పెట్టినట్టు చెయ్యి పెట్టాడు. చెవి మీద రెండు, మణికట్టు మీద మూడు కుట్లు పడ్డాయి.

"పేరు రాయించుకుంటన్నాయి బాబూ" అన్నాడు, చెవి రుద్దుకుంటూ. మరి పేరు రాయకూడదని కదా నీ సిద్ధాంతం అని ఆ రోజు అడగలేదు. అప్పటికి ఆ సిద్ధాంతం నాకు తెలియదు.

ఆ పడవ గూటితో నాకు తొమ్మిది అయ్యాయి. దానితోపాటు అతనూ వచ్చాడు. అంతకు ముందు నెలలోనే ఇంజను ఆగిపోయి అతను మూడు రోజులు నీళ్ల మీద ఉండిపోయాడు. ఆ తరువాత పడవ ఎక్కలేదు. ఆ మూడు రోజుల గురించి అడిగితే వేలు తడపకుండానే జవాబు చెప్పేవాడు: "గాలి నేదు బాబూ. అదే." అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయాను.

అతని భార్య చేపలమ్మే మనిషి. మాటలో పదును, తూకంలో న్యాయం. "సముద్రం ఇడిసీసి ఈగల ఎనకాల పడ్డాడు మా మొగోడు" అని మా వీధి వీధంతా వినేలా చెప్పేది. ఒకనాడు మా వరండాలో తట్ట దించి, అతని ముందే నాతో షరతు తేల్చింది.

"రెండు జీడిపూతలు సూత్తాను బాబూ. అప్పటికి ఈగలు బతికుంటే గట్టు మీద బతకమనండి. నేదంటే మా తమ్ముడి పడవలో మనిషి తక్కువున్నాడు. ఎక్కాలి."

అతను వేలు తడిపి గాలి చూసి, "అలగే" అన్నాడు. ఎత్తిన వేలు దించడం మాత్రం చాలాసేపు మరచిపోయాడు.

తేనెపెట్టె ఎరగని వారికి ఒక మాట. పెట్టెకు రెండు అంతస్తులు. కింది అంతస్తులో రాణి, పిల్లలు, సంసారం. పై అంతస్తులో తేనె. దాన్ని అతను మేడ అనేవాడు. నేనూ చివరికి అదే మాటకు అలవాటు పడ్డాను. మేడ మీది తేనె తీసుకోవాలంటే అక్కడ తిరిగే వేలాది ఈగలను ముందు కిందికి దింపాలి. కుంచెతో ఊడిస్తే చస్తాయి, కోపం తెచ్చుకుంటాయి. చెదిరిన తేనె వాసనకు ఒక గూటి ఈగలు మరొక గూటిని దోచుకోవడానికి వస్తాయి. 1996లో నాలుగు పెట్టెలను కుంచెతో ఊడ్చి, కింద పరిచిన తెల్ల దుప్పటి మీద చచ్చిన ఈగలను లెక్కించాను. నాలుగు వందల ముప్పై ఒకటి. అతను ఆ దుప్పటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

"తరిమితే ఎదురొత్తాయి బాబూ. దారి సూపిత్తే ఎల్లిపోతాయి. సేపైనా అంతే, ఈగైనా అంతే."

ఆ రోజు నుంచి అతనికి మేడ ఖాళీ చేయించడమే ధ్యాస. మొదట ఒక కమ్మరి కొలిమి పంకా తెచ్చాడు, చేత్తో తిప్పేది. గాలితో ఈగలను ఊదేస్తానన్నాడు. పంకా లోపల ఏళ్ల తరబడి పేరుకున్న బూడిద ఉన్న సంగతి తిప్పేదాకా మా ఇద్దరికీ తెలియదు. ఈగలకు ఏమీ కాలేదు. మేమిద్దరం విభూతి పూసుకున్న సాధువుల్లా ఇంటికి వచ్చాం. తరువాత గోనెగుడ్డను ఇంగువ నీళ్లలో నానబెట్టి మేడ మీద కప్పాడు. ఈగలు దిగాయి, నిజమే. కాని తేనె కూడా ఇంగువ వాసన పట్టింది. అతని భార్య వేలితో నాకి చూసి, "ఇంకేటి, ఇంత సింతపండు పిసికితే సారైపోద్ది" అన్నది. ఆ సీసాలు నేటికీ మా అటక మీద ఉన్నాయి. మొత్తం పదకొండు.

మూడోది గరాటు. దాని గురించే ఈ వ్యక్తిచిత్రం.

పీతలు పట్టే బుట్ట మూతికి లోపలి వైపు ఒక గరాటు అల్లి ఉంటుంది. వెడల్పు నోరు నీటి వైపు, సన్నటి కొస బుట్ట లోపలికి. పీత తేలిగ్గా లోపలికి వస్తుంది. తిరిగి వెళ్లడానికి ఆ సన్నటి కొస దానికి దొరకదు. రెండు అంతస్తుల మధ్య ఒక పలక పెట్టి, దానికి కంత చేసి, కంతకు ఇటువంటి గరాటు బిగిస్తే ఈగలు ఒక దిక్కుకే నడుస్తాయని అతని ఊహ. పాత బోటు ఇంజన్ల ఫిల్టర్లలోని ఇనుప జాలీ కోసి, చుట్టి, వల కుట్టే దారంతో కుట్టాడు. పలకలు విరిగిన పడవ చెక్కలే. కొస ఎంత ఉండాలంటే, ఒక ఈగ పట్టాలి, రెండు పక్కపక్కన పట్టకూడదు. దానికి అతని కొలమానం బీడీ.

"బీడీ దూరాలి. సుట్ట దూరకూడదు. అంతే బాబూ."

నేను ఆ బీడీ లావు కొలిచాను. దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. తొమ్మిది గరాటులనూ స్కేలు పెట్టి పరీక్షించాను: నోరు, పొడవు, కొస. అన్నీ సరిపోయాయి. తృప్తిగా తల ఊపాను.

1997 మార్చి 13, గురువారం. ఆనందపురం దగ్గర జీడితోటలో మా తొమ్మిది పెట్టెలు ఉన్నాయి. షరతులోని రెండో పూత అదే. తోట రైతు మంచివాడు, మాట మెత్తన. ఆ మెత్తని గొంతుతోనే చెప్పాడు.

"మాస్టారూ, సోమారం పొద్దున్నే మందు కొట్టించేత్తన్నాను. పూత మీద దోమ పడిపోయింది. పంపుల మనుసులు సోమారానికే దొరికినారు. ఆదారం పొద్దుగూకీలోపల మీ పెట్టెలు తీసీయండి. ఉంటే మరి నా పూసీ కాదు."

మందు పడితే తొమ్మిది గూళ్లూ ఒక్క పూటలో పోతాయి. తేనె నిండిన మేడలతో పెట్టెలు కదిలిస్తే, దారిలో కుదుపుకు పట్టు విరిగి, ఈగలు తమ తేనెలో తామే మునిగి చస్తాయి. కనుక ముందు మేడలు ఖాళీ కావాలి, తరువాత పెట్టెలు కదలాలి. చేతిలో ఉన్నది మూడు రోజులు. నేను ఈ లెక్క పైకి చెప్పబోతే అతను "నలభై, పన్నెండు" అని అరిచాడు. అరుపులో ఎప్పుడూ ఉండే నవ్వు ఆ రోజు లేదు.

శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు పలకలు బిగించాం. రైతు పాకలో పడుకున్నాం. శనివారం ఉదయం ఏడు గంటలకు మొదటి మేడ మూత ఎత్తాం. ఖాళీ పట్టు, మెరిసే తేనె అరలు చూడబోతున్నామని నా గుండె వేగం పెరిగింది. మణికట్టు పట్టుకుని చూసుకున్నాను, నిమిషానికి తొంభై ఎనిమిది. మూత లేచింది. మేడ నిండా ఈగలు. నిన్న ఉన్నవాటికి రెండింతలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, జాలీని కొరుకుతూ, గోడలకు వేలాడుతూ ఉన్నాయి.

"ఓలమ్మ" అన్నాడు అతను. "మేడ మీద అమ్మోరి తీర్తం సాగతంది."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. అతను వేలు తడపలేదు. పలక ఒకటి పైకెత్తి, గరాటును కాసేపు చూసి, నేల మీద కూలబడ్డాడు.

"నాను ఒట్టుకున్నాను బాబూ. ఒగ్గీమంటే, ఒట్టుకున్నాను."

వదలమంటే పట్టుకున్నానంటాడు. అప్పుడు నాకూ కనిపించింది. ముప్పై ఏళ్లు బుట్టలకు గరాటు బిగించిన చెయ్యి. ఆ చేతికి బుట్ట అంటే సరుకు నిలిచే చోటు, సరుకు అంటే తేనె. కనుక వెడల్పు నోరు కిందికి, కొస మేడ లోపలికి పెట్టింది. కింది సంసారం అంతా రాత్రికి రాత్రి మేడెక్కి, దిగే దారి తెలియక చిక్కుకుంది. వేటకు వెళ్లిన మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. ఇక నేను తొమ్మిదింటికీ అన్ని కొలతలూ తీశాను. దిక్కు స్కేలులో ఉండదు.

"లే" అన్నాను. "తిరగేద్దాం."

తిరగేయడం ఒక మాటలో అయ్యే పని కాదు. ఈగలతో, తేనెతో నిండిన మేడలను ఎత్తి, పలక తీసి, బోర్లించి, మళ్లీ పెట్టాలి, అదీ ఒక రాత్రంతా బందీలుగా ఉన్న ఈగల మధ్య. తొమ్మిది పెట్టెలూ పూర్తయ్యేసరికి తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నా రెండు కళ్లలో ఒకటే తెరుచుకుంటోంది. అతని పెదవి చేప మూతిలా వాచింది. అయినా ఆ మూతితోనే నన్ను కదలనివ్వలేదు. గంట గంటకూ మూత ఎత్తి చూడాలని నాకు. అతను పెట్టెల ముందు అడ్డంగా కూర్చుని కాపలా కాశాడు.

"ఒక్కటి చూస్తానయ్యా. ఒక్కటే."

"వల ఏసినాక గడీ గడీకీ లాగి సూత్తారేటి బాబూ? కూకోండి. బీడీ కాల్చుకోండి."

"నాకు అలవాటు లేదు."

"అందికే మీకు కొసలు కుదరవు" అన్నాడు. వాచిన మూతితో నవ్వు వస్తే ఎంత నొప్పో ఆ క్షణాన ఇద్దరికీ తెలిసింది.

ఆదివారం, మార్చి 16. మధ్యాహ్నం పన్నెండుకు అతని భార్య అన్నం గిన్నె, ఎండుచేపల పులుసు తీసుకుని బస్సు దిగి వచ్చింది. సంగతంతా వినాలని రాలేదు. కాని రైతు అప్పటికే చెప్పేశాడు. ఆమె మొగుడి మూతి కేసి చూసింది.

"సేపల్ని ఒగ్గీసినప్పుడు ఒగ్గీసినావు. ఈగల్ని ఒగ్గీమంటే ఒట్టుకున్నావు. తమ్ముడు ఆదారం కబురెట్టమన్నాడు. ఏటి సెప్పమంటావు?"

అతను అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని, "పొద్దుగూకనీ" అన్నాడు.

ఒంటి గంటా ముప్పై నిమిషాలకు మొదటి మూత ఎత్తాం. ఎలా చెప్పను? మేడ ఖాళీ. మైనపు మూతలు వేసిన తేనె అరలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. మూల మీద నాలుగైదు ఈగలు దారి మరచిన చుట్టాల్లా తిరుగుతున్నాయి. ఒక్క కుంచె తాకలేదు, ఒక్క పొగ పట్టలేదు, కింద దుప్పటి మీద ఒక్క శవం లేదు. నా అరవై ఒకటో ఏట నేను గెంతాను. రైతు చూశాడు, సాక్ష్యం ఉంది. రెండో పెట్టె ఖాళీ. మూడు, నాలుగు. అతను ఒక్కొక్క మూతకు ఒక్కొక్క తప్పుడు అంకె అరుస్తున్నాడు, ఇప్పుడు పండగ అరుపు: "డెబ్బై! మూడు! వందా పదారు!" ఎనిమిది మేడలు ఖాళీ అయ్యాయి.

తొమ్మిదోది పడవ గూడు. మూత ఎత్తాం. నిండుగా ఉంది. ఒక్క ఈగ దిగలేదు.

అరుపు ఆగిపోయింది. అతను మూత పట్టుకునే నిలబడ్డాడు. అతని భార్య గిన్నెలు సర్దడం ఆపింది. ఇటువంటప్పుడు నాకు ఒకటే దారి: తెలిసినవి వరుసగా పేర్చడం. పలక ఒకటే రకం. కొస ఒకటే కొలత. తిరగేసింది ఒకే ఉదయం. ఎనిమిది గూళ్లు దిగాయి, ఇది దిగలేదు. ఈగలు తల్లి దగ్గరకు దిగుతాయి. కిందికి దిగడం లేదంటే తల్లి కింద లేదు.

"శుక్రవారం రాత్రి ఆ తోపులాటలో రాణి కూడా పైకి ఎక్కేసిందయ్యా" అన్నాను.

అతను వేలు తడిపాడు. రెండు రోజుల తరువాత మొదటిసారి. గాలి చూశాడు.

"అయితే రాణీగారిని మేడ దింపాల" అన్నాడు.

పట్టు ఒక్కొక్కటే పైకి తీశాం. అతను పట్టుకున్నాడు, నేను వెతికాను. మొదటిది, రెండోది, మూడోది. వేల ఈగల్లో పొడవాటి ఒళ్లున్న ఒక్కటి. నాలుగో పట్టు వెనక వైపు, అడుగు మూలన, చుట్టూ కొలువు తీరిన పరిచారికల మధ్య ఆమె ఉంది. అతను ఆ పట్టును చంటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి, కింది అంతస్తులోకి దించాడు. అక్కడి పట్టు ఒకటి తీసి దానికి చోటు చేశాం. మళ్లీ పలక, మళ్లీ మేడ. సమయం రెండు గంటల యాభై నిమిషాలు. హార్బరు నుంచి రొయ్యలు మోసే ట్రాలీ ఆటో, అతని బంధువుది, అయిదు గంటలకు వస్తుంది. ఆరున్నరకు అది మళ్లీ హార్బరులో ఉండాలి. ఇంకొక బండి లేదు.

ఆ రెండు గంటలూ మూత ముట్టలేదు. అతని భార్య మాత్రం ఆ పెట్టె దగ్గరకు వెళ్లి చెవి ఆనించి వచ్చింది. "పారతన్నట్టుంది" అన్నది. నేను వెళ్లి చెవి పెట్టాను. నిజమే, కొండ గెడ్డలో నీళ్లు కిందికి జారుతున్న చప్పుడు. నాలుగు గంటల నలభై నిమిషాలకు మూత ఎత్తాం. మేడ మీద మిగిలినవి నా లెక్కకు పాతిక లోపు. అతను నోటితో "ఉఫ్" అని ఊదాడు. అవీ దిగాయి.

అయిదింటికి తొమ్మిది పెట్టెలు, తొమ్మిది మేడలు ఆటో ఎక్కాయి, ద్వారాలకు జాలీ బిగించి. సింహాచలం కొండ దిగువన నాకు కొంచెం స్థలం ఉంది, అక్కడికి. బయలుదేరబోతూ వెనక్కి చూస్తే, మేతకు వెళ్లిన ఈగలు తిరిగి వచ్చి, పెట్టెలు లేని చోట గాలిలో గుండ్రంగా తిరుగుతున్నాయి. అవి అక్కడే ఉంటే రేపు ఉదయం మందు వాటి మీదే పడుతుంది.

"ఈటి సంగతి నాను సూత్తాను, ఎల్లండి" అన్నాడు అతను. పాకలో అదనంగా ఉంచిన ఖాళీ పెట్టె ఒకటి తీసి, లోపల ఇందాక పడవ గూటి నుంచి తీసిన పట్టు వేలాడదీసి, దాని ద్వారానికి గరాటు బిగించాడు. నోరు బయటికి, కొస లోపలికి. "ఇప్పుడు నా సేతివాటంగా ఎడతన్నాను బాబూ. ఇది ఒట్టుకునే పనే."

తరువాత జరిగింది అతను చెప్పగా విన్నది. చీకటి పడేవరకు వాటిని పోగుచేసి, ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడట. కండక్టరు ఆగాడట.

"ఏటి బావ అందల?"

"పీతలు."

"గుయ్ మంటన్నాయేటి?"

"బతికున్నాయి కదేటి మరి. సచ్చినియ్యి నాను తేను."

కండక్టరు టిక్కెట్టు కొట్టి, ఆ తరువాత స్టేజీ వరకు ఆ సీటు దరిదాపులకు రాలేదట.

ఏడు గంటల యాభై నిమిషాలకు కొండ దిగువ స్టాపులో బస్సు ఆగింది. నేనూ అతని భార్యా అక్కడే ఉన్నాం. పెట్టె నెత్తిన పెట్టుకుని, ఎడమ మోకాలు ఈడ్చుకుంటూ అతను దిగాడు. నా స్థలం దాకా నడిచి, మిగతా తొమ్మిది పెట్టెల పక్కన దాన్ని దించి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, నా వైపు తిరిగాడు.

"ఒడ్డుకొచ్చీసినాం. ఇప్పుడు లెక్కెట్టండి కాటాబాబూ."

బయలుదేరిన గూళ్లు తొమ్మిది. చేరినవి తొమ్మిది. దారి తప్పినవాటి పెట్టె ఒకటి. చచ్చిన ఈగలు, మూడు రోజులవీ కలిపి, అరవై ఒకటి. నేను లెక్కిస్తున్నంతసేపూ అతను నోరు విప్పలేదు.

"తమ్ముడికి కబురు సెప్పీనా మరి?" అన్నది అతని భార్య.

"ఏటని?"

"పడవకి ఇంకో మనిసిని సూసుకోమని."

అతను వేలు తడిపి గాలికి ఎత్తాడు. ఈసారి వెంటనే దించేసి, పెట్టెల వైపు నడిచాడు.

ఆ తరువాత పదేళ్లు అతను పలకలు చేస్తూనే ఉన్నాడు. ప్రతి పలక పై వైపునా నీలం రంగుతో ఒక చేప బొమ్మ వేసేవాడు. చేప తల కంత వైపు. తల ఎటుంటే ఈగ అటు. తేనె తీసేవాడు ఎవరు అడిగినా ఇచ్చేవాడు. ఎన్ని ఇచ్చావని నేను అడిగితే "ఎనభై, ఆరు, ముప్పై" అని అరిచేవాడు. కనుక ఇచ్చినవాటి లెక్క నా దగ్గర లేదు. లేని లెక్క రాయను. పడవ మాత్రం మళ్లీ ఎక్కలేదు. అతని తండ్రి నీటి మీద పోయాడు. పెద్దన్న నీటి మీద పోయాడు. ఇతను ఈ శుక్రవారం తెల్లవారుజామున, గట్టు మీద, మంచం మీద పోయాడు.

నిన్న, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు వాళ్ల ఇంటికి వెళ్లాను. ముప్పై రెండు డిగ్రీలు. గాలి సముద్రం మీది నుంచి. అతని భార్య వెనక పాక తలుపు తీసి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"లెక్కెట్టుకోండి బాబూ. ఇంకేటి అడ్డం?"

గోడ వారగా పలకలు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి అన్నాను. ఆగాను. వెనక నుంచి ఏ అంకే రాలేదు. రెండు అన్నాను. మూడు అన్నాను. చివరివరకు ఎవరూ అడ్డం రాలేదు. నా లెక్క మొదటిసారికే కుదిరింది.

పలకలు ముప్పై నాలుగు. గరాటులు ముప్పై నాలుగు. చేపలు ముప్పై నాలుగు. కొండ దిగువన బతికి ఉన్న గూళ్లు నలభై ఒకటి.